పవర్ బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేని కంప్యూటర్

పవర్ బటన్ నొక్కినప్పుడు ఫ్యాను తిరగక, దీపం వెలగక, కంప్యూటర్ మొద్దులా ఉండిపోతే చాలామంది నోట వెంటనే వచ్చే మాట ‘మదర్‌బోర్డు పోయింది’ అన్నదే. అది నిజమయ్యే సందర్భాలు లేకపోలేదు. అయితే నేను చూసినంతవరకు, అలా తేల్చేసిన కంప్యూటర్లలో ఎన్నో ఒక వదులైన వైరుతోనో, అరిగిపోయిన స్విచ్‌తోనో, వయసు మీరిన ఎస్‌ఎంపీఎస్‌తోనో బాధపడుతున్నవే. సాకెట్ నుంచి వచ్చే కరెంటును కంప్యూటర్ భాగాలకు తగిన తక్కువ వోల్టులుగా మార్చే పెట్టెనే ఎస్‌ఎంపీఎస్ అంటారు. ఊహ మీద ఆధారపడి ఒక్కొక్క భాగాన్నీ మార్చుకుంటూ పోవడం నాకు ఏమాత్రం నచ్చని పద్ధతి, ఎందుకంటే అందులో డబ్బు పోవడమే కాకుండా అసలు లోపం ఎక్కడుందో చివరికీ తెలియదు. గోడలోని సాకెట్ నుంచి ప్రాసెసర్ వరకు కరెంటు ఏ దారిన నడుస్తుందో తెలుసుకుని, అది ఎక్కడి వరకు వచ్చి ఆగిపోయిందో చూస్తే, లోపం ఉన్నచోటు దాదాపు తనంతట తానే బయటపడుతుంది.

ఇందుకు ముందుగా గ్రహించవలసిన విషయం ఒకటి ఉంది. ప్లగ్గు పెట్టి ఉన్నంతసేపు, ఆపేసిన కంప్యూటర్ కూడా పూర్తిగా ఆగిపోయి ఉండదు. పాతకాలపు ఏటీ పద్ధతి కంప్యూటర్లలో ముందున్న స్విచ్ నేరుగా మెయిన్స్ కరెంటునే కలిపేది, తెంపేది. 1995లో ఇంటెల్ సంస్థ ఏటీఎక్స్ ప్రమాణాన్ని తెచ్చాక ఈ ఏర్పాటు మారిపోయింది. అప్పటి నుంచి ఎస్‌ఎంపీఎస్‌లో రెండు విభాగాలు ఉంటున్నాయి. ఒకటి 12, 5, 3.3 వోల్టులను ఇచ్చే ప్రధాన విభాగం. రెండవది, ప్లగ్గు పెట్టిన క్షణం నుంచీ 5 వోల్టులను ఎడతెగకుండా మదర్‌బోర్డుకు అందించే చిన్న స్టాండ్‌బై విభాగం. మనం బటన్ నొక్కినప్పుడు ఆ చిన్న కరెంటుతో మేలుకొని ఉన్న మదర్‌బోర్డు ఆ సంగతిని గుర్తించి, ఒక ఆకుపచ్చ వైరును సున్నా వోల్టులకు దించుతుంది. అది చూసి ఎస్‌ఎంపీఎస్ ప్రధాన విభాగాన్ని మొదలుపెడుతుంది. వోల్టేజీలు నిలకడకు వచ్చాక, 100 నుంచి 500 మిల్లీసెకన్ల తరువాత, బూడిద రంగు వైరు ద్వారా ‘అంతా సిద్ధం’ అన్న సంకేతాన్ని తిరిగి పంపుతుంది. ప్రాసెసర్ పని మొదలుపెట్టేది అప్పుడే. ఈ వరుసలో ఏ ఒక్క మెట్టు తప్పినా బయటి నుంచి చూసేవారికి కనిపించేది ఒకటే, కంప్యూటర్ లేవడం లేదు.

కాబట్టి వెతకవలసిన మొదటి సంగతి ఆ స్టాండ్‌బై 5 వోల్టులు ఉన్నాయా లేవా అన్నది. క్యాబినెట్ విప్పకుండానే దీనికి కొన్ని ఆనవాళ్లు దొరుకుతాయి. కొన్ని కంప్యూటర్లలో ఆపి ఉన్నప్పుడు కూడా నెట్‌వర్క్ కేబుల్ పెట్టిన చోట చిన్న దీపం మినుకుమంటుంది, మౌస్ అడుగున ఎర్ర వెలుగు కనిపిస్తుంది, యూఎస్‌బీ పోర్టుకు పెట్టిన ఫోను ఛార్జ్ అవుతుంది. చాలా మదర్‌బోర్డుల మీద స్టాండ్‌బై కరెంటును సూచించే చిన్న దీపం కూడా ఉంటుంది. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా సాకెట్, పవర్ కార్డు, ఎస్‌ఎంపీఎస్‌లోని స్టాండ్‌బై విభాగం ఈ మూడూ పనిచేస్తున్నాయని ధైర్యంగా చెప్పవచ్చు. ఏదీ కనిపించనంత మాత్రాన కరెంటు లేదని మాత్రం తేల్చకూడదు, ఎందుకంటే కొన్ని కంప్యూటర్లలో ఆపి ఉన్నప్పుడు ఈ సౌకర్యాలన్నిటినీ సెట్టింగులలోనే నిలిపివేసి ఉంచుతారు.

ఇక్కడే మరో తేడాను కూడా గమనించుకోవాలి. ఫ్యాన్లు తిరుగుతున్నా తెర మీద ఏమీ రాకపోవడం వేరు, అసలు ఏ కదలికా లేకపోవడం వేరు. మొదటిదానిలో కరెంటు చాలా దూరమే నడిచింది, కనుక ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, మానిటర్ కేబుల్ వైపు చూడాలి. నేను ప్రధానంగా రాస్తున్నది రెండవదాని గురించి. వీటికి నడుమ మూడవ రకం ఒకటి ఉంది. బటన్ నొక్కగానే ఫ్యాను ఒక్కసారి అదిరి, అర చుట్టు తిరిగి, వెంటనే ఆగిపోతుంది. ఆ సంగతిని విడిగా చెబుతాను, అది చాలా విలువైన ఆనవాలు.

బయటి పరీక్షలు చిన్నవే అయినా దాటవేయదగినవి కావు. సాకెట్‌లో మరో పరికరాన్ని పెట్టి చూడాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డునూ యూపీఎస్‌నూ పక్కన పెట్టి, కంప్యూటర్ ప్లగ్గును నేరుగా గోడ సాకెట్‌లో పెట్టాలి. పవర్ కార్డు ఎస్‌ఎంపీఎస్‌లోకి దిగే చోట వదులుగా ఉండడం తరచుగా ఎదురయ్యే లోపం. చూడడానికి బాగానే అమరినట్టు ఉన్నా, గట్టిగా నొక్కితే మరికొంచెం లోపలికి పోతుంది. మానిటర్‌కు వాడే కార్డు సాధారణంగా అదే రకం కాబట్టి రెండింటినీ మార్చి చూడడం తేలిక. ఎస్‌ఎంపీఎస్ వెనుక ఉండే చిన్న స్విచ్, గీత గుర్తు ఉన్న వైపుకు నొక్కి ఉండాలి. శుభ్రం చేసేటప్పుడు చేయి తగిలి అది ఆగిపోవడం వింతేమీ కాదు. కొన్ని పాత ఎస్‌ఎంపీఎస్‌ల వెనుక 115, 230 అని రాసి ఉన్న ఎర్ర స్విచ్ కూడా ఉంటుంది. దాన్ని ఊరికే అటూ ఇటూ జరిపి చూడకండి. 230 వోల్టుల సరఫరా ఉన్నచోట అది 115 దగ్గర ఉంటే ఎస్‌ఎంపీఎస్ పేలిపోయే ప్రమాదం ఉంది.

తరువాత చేయవలసిన పని నిమిషంలో అయిపోతుంది, దీనితోనే లేచి కూర్చున్న కంప్యూటర్లు ఉన్నాయి. ప్లగ్గు పూర్తిగా తీసి, పవర్ బటన్‌ను అరనిమిషం పాటు నొక్కి పట్టుకోవాలి. విద్యుత్తును నిల్వ ఉంచుకునే కెపాసిటర్లు అనే భాగాలలో మిగిలిన కరెంటు దీనితో ఖాళీ అవుతుంది. మదర్‌బోర్డు మీద దీపం ఉంటే అది నెమ్మదిగా మసకబారి ఆరిపోవడం కంటికి కనబడుతుంది. కరెంటు హెచ్చుతగ్గుల వల్లనో, ఒక క్షణం షార్ట్ కావడం వల్లనో ఎస్‌ఎంపీఎస్‌లోని రక్షణ ఏర్పాటు బిగుసుకుపోయి ఉంటే, లోపలి కరెంటు మొత్తం పోయి మళ్లీ ప్లగ్గు పెట్టేవరకు అది వదలదు. ప్లగ్గు తీసి వెంటనే పెట్టేస్తే ఆ ఖాళీ కావడానికి వ్యవధి చాలదు, అందువల్లనే కొందరు ‘ప్లగ్గు తీసి పెట్టాను, అయినా రాలేదు’ అంటారు.

ఇంతవరకూ ఫలితం లేకపోతే క్యాబినెట్ పక్క రేకు తీయాలి. ప్లగ్గు తీసే ఉంచాలి. లోపలి భాగాలను ముట్టుకునే ముందు క్యాబినెట్‌లో రంగు వేయని లోహపు భాగాన్ని ఒకసారి తాకితే ఒంట్లోని స్థిర విద్యుత్తు పోతుంది. ఇక్కడ ఒక హెచ్చరికను నేను ఎంత నొక్కి చెప్పినా తక్కువే. ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం ఎవరూ ఇంట్లో విప్పకూడదు. దానిలోని పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైబడిన విద్యుత్తు నిల్వ ఉంటుంది, ప్లగ్గు తీసిన తరువాత కూడా కొంతసేపు అది మిగిలే అవకాశం ఉంది. పెట్టె బయట వైర్ల దగ్గర ఎంత పరీక్షించినా ఫరవాలేదు, పెట్టె లోపలికి మాత్రం వెళ్లవద్దు.

లోపల మొదట అనుమానించవలసింది పవర్ బటన్‌నే. ఇది కాలింగ్ బెల్ స్విచ్ వంటి అతి సాధారణమైన భాగం. నొక్కినంతసేపు రెండు వైర్లను కలుపుతుంది, వదలగానే విడదీస్తుంది. రోజూ నొక్కబడుతూ, దుమ్ము పడుతూ ఉండే ఈ చవకైన భాగం పోతే, ఖరీదైన మదర్‌బోర్డు మీద నింద పడుతుంది. బటన్ నుంచి వచ్చే సన్నని జంట వైరు మదర్‌బోర్డు అంచున ఉండే పిన్నుల వరుసలో దిగుతుంది. ఆ చిన్న కనెక్టర్ మీద ‘పవర్ స్విచ్’ అని ఇంగ్లీషులో సంక్షిప్తంగా రాసి ఉంటుంది, మదర్‌బోర్డు మీదా అటువంటి గుర్తే ఉంటుంది. దాన్ని మెల్లగా పైకి లాగి, ప్లగ్గు పెట్టి, ఆ రెండు పిన్నులను మాత్రమే ఒక స్క్రూడ్రైవర్ మొనతో అర సెకను పాటు తాకించి వదలాలి. పక్క పిన్నులకు తగలకుండా చేయి నిలకడగా ఉంచుకుంటే చాలు. అక్కడ ఉండేది తక్కువ వోల్టేజీయే కాబట్టి మనిషికి ప్రమాదం లేదు. కంప్యూటర్ లేచిందంటే లోపం బటన్‌లోనో దాని వైరులోనో ఉన్నట్టే. అప్పుడు రీసెట్ బటన్ కనెక్టర్‌ను తీసి పవర్ పిన్నుల మీద పెట్టుకోవచ్చు. రెండూ ఒకే రకం స్విచ్‌లు, పైగా స్విచ్ వైరుకు ప్లస్ మైనస్ తేడా లేదు. అంతటితో కొత్త భాగం ఏదీ కొనకుండానే కంప్యూటర్ నడుస్తుంది.

బటన్ దీనికి వ్యతిరేకంగా కూడా చెడుతుంది, ఆ సంగతి చాలామందికి తట్టదు. బటన్ నొక్కిన స్థితిలోనే ఇరుక్కుపోతే కంప్యూటర్ లేచినట్టే లేచి, సుమారు నాలుగు సెకన్ల తరువాత ఆగిపోతుంది, ఎందుకంటే బటన్‌ను నాలుగు సెకన్లకు మించి నొక్కి పట్టుకుంటే బలవంతంగా ఆపమని దానికి అర్థం. సరిగ్గా అంతే వ్యవధిలో ఆగిపోయే కంప్యూటర్‌ను చూసినప్పుడు నేను మొదట వేలితో తడిమి చూసేది ఆ బటన్ పూర్తిగా పైకి వస్తోందా అన్నదే.

బటన్ తప్పు లేదని తేలితే, చేతిలో వోల్టేజీని కొలిచే మామూలు మల్టీమీటర్ ఒకటి ఉన్నవారికి ఇక్కడి నుంచి దారి చాలా స్పష్టంగా ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్ నుంచి మదర్‌బోర్డుకు వచ్చే 24 పిన్నుల పెద్ద కనెక్టర్‌ను పీకనక్కరలేదు. కంప్యూటర్ ప్లగ్గు పెట్టి ఉంచి, మీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టి, దాని నల్ల ప్రోబ్‌ను, అంటే కొలిచే తీగ మొనను, క్యాబినెట్ లోహానికి గాని ఒక నల్ల వైరుకు గాని తాకించి, ఎర్ర ప్రోబ్ మొనను కనెక్టర్ వెనుక నుంచి, వైరు లోపలికి దిగే సందులో పెడితే చాలు. మొదట ఊదా రంగు వైరును చూడాలి. స్టాండ్‌బై కరెంటు వచ్చేది దానిలోనే, అక్కడ 4.75కూ 5.25కూ మధ్య రావాలి. ఏమీ రాకపోతే ప్లగ్గు తీసి కనెక్టర్‌ను పూర్తిగా పీకి, మళ్లీ ప్లగ్గు పెట్టి, విడిగా ఉన్న కనెక్టర్‌లో మళ్లీ అదే వైరును చూడాలి. అప్పుడూ రాకపోతే ఎస్‌ఎంపీఎస్ పోయినట్టే. పీకినప్పుడు వచ్చి, పెట్టినప్పుడు పోతుంటే మదర్‌బోర్డులోనో దానికి తగిలించిన ఏదో పరికరంలోనో షార్ట్ ఉండవచ్చు, లేదా చిన్నపాటి విద్యుత్ భారాన్ని కూడా మోయలేనంతగా స్టాండ్‌బై విభాగం బలహీనపడి ఉండవచ్చు.

ఊదా వైరు బాగానే ఉంటే ఆకుపచ్చ వైరు మీదికి వెళ్లాలి. నాకు తెలిసిన పరీక్షలన్నిటిలోనూ ఇంత తక్కువ శ్రమతో ఇంత ఎక్కువ చెప్పేది మరొకటి లేదు. కంప్యూటర్ ఆపి ఉన్నప్పుడు ఆ వైరు మీద మీటరు కొన్ని వోల్టులను, చాలాసార్లు 5కు దగ్గరగా, చూపుతుంది. ప్రోబ్‌ను అక్కడే ఉంచి మరొకరిని బటన్ నొక్కమనాలి. నొక్కగానే అంకె సున్నా దగ్గరకు పడిపోయిందంటే, మదర్‌బోర్డు తన వంతు పని చేసింది, ‘లే’ అని అడిగింది. అడిగినా లేవనిది ఎస్‌ఎంపీఎస్. తానే చెడిపోయి ఉండాలి, లేదా ఎక్కడో షార్ట్‌ను పసిగట్టి నిరాకరిస్తూ ఉండాలి. అంకె ఏమాత్రం కదలకపోతే ఎస్‌ఎంపీఎస్‌కు అసలు పిలుపే అందలేదు. బటన్ సంగతి ముందే తేల్చుకున్నాం కాబట్టి, మిగిలిన అనుమానం మదర్‌బోర్డు మీదనే. ఎవరిని మార్చాలన్న ప్రశ్నకు ఈ ఒక్క అంకె కదలికే సమాధానం చెబుతుంది. ఈ మధ్య వస్తున్న ఎస్‌ఎంపీఎస్‌లలో వైర్లన్నీ నల్లగానే ఉంటున్నాయి. అప్పుడు రంగు బదులు స్థానాన్ని బట్టి గుర్తించాలి. ఊదాది 9వ పిన్ను, ఆకుపచ్చది 16వ పిన్ను. మదర్‌బోర్డు పుస్తకంలోని బొమ్మను పక్కన పెట్టుకుంటే పొరపాటు జరగదు. కొన్ని తయారీ కంపెనీల రెడీమేడ్ కంప్యూటర్లలో 24 పిన్నుల కనెక్టరే ఉండదు, వాటి వరుస వేరు. అటువంటివాటికి ఈ లెక్కలను వర్తింపజేయకూడదు.

మీటరు లేనివారు పేపర్ క్లిప్పు పరీక్ష చేస్తారు. అంటే కనెక్టర్‌ను మదర్‌బోర్డు నుంచి పీకి, ప్లగ్గు తీసి ఉన్నప్పుడే ఆకుపచ్చ పిన్నునూ ఏదో ఒక నల్ల పిన్నునూ క్లిప్పుతో కలిపి, ఆ తరువాత ప్లగ్గు పెట్టి, ఎస్‌ఎంపీఎస్ ఫ్యాను తిరుగుతోందా అని చూడడం. ఈ పరీక్ష మంచిదే గాని దాని మాటను మితిమీరి నమ్మకూడదు. ఫ్యాను తిరగడం ఎస్‌ఎంపీఎస్ లేవగలదని మాత్రమే చెబుతుంది, ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ కావలసినంత కరెంటు ఇవ్వగలదని చెప్పదు. అలాగే వేడెక్కితే తప్ప ఫ్యాను తిరగని ఎస్‌ఎంపీఎస్‌లు కూడా ఉన్నాయి. వాటిలో ఫ్యాను ఆగి ఉండడం లోపం కాదు.

ఇప్పుడు, ఫ్యాను అదిరి ఆగిపోయే ఆ మూడవ రకం. ఎస్‌ఎంపీఎస్ లేచింది, ఎక్కడో కరెంటు దారి తప్పి నేరుగా భూమికి పోతున్నదని గుర్తించింది, క్షణంలో ఆగిపోయింది. తన పని తాను సక్రమంగానే చేసింది. కాబట్టి షార్ట్ ఉన్నచోటును పట్టుకోవాలి. అందుకు ఒక్కొక్క పరికరాన్నీ తీస్తూ, ప్రతిసారీ ప్లగ్గు తీసి కొంచెం ఆగి మళ్లీ పెట్టి, బటన్ నొక్కి చూడడమే పద్ధతి. బయట ఉన్న యూఎస్‌బీ పరికరాలు ముందు, తరువాత డిస్కులు, తరువాత గ్రాఫిక్స్ కార్డు, చివరకు ర్యామ్. తీయగానే ఫ్యాను తిరుగుతూ నిలబడితే, చివరగా తీసినదే దోషి.

మా బంధువుల ఇంట్లో సరిగ్గా ఇటువంటి కంప్యూటర్ ఒకటి నా ముందుకు వచ్చింది. డిస్కులు తీసినా, గ్రాఫిక్స్ కార్డు తీసినా అదే అదురు, అదే ఆగడం. ఆఖరికి క్యాబినెట్ ముందువైపు యూఎస్‌బీ పోర్టుల నుంచి మదర్‌బోర్డుకు వచ్చే కేబుల్‌ను పీకగానే అది హాయిగా లేచింది. టార్చి వేసి ఆ పోర్టులోకి చూస్తే లోపలి ప్లాస్టిక్ నాలుక విరిగి, రాగి రంగు రేకులు ముందుకు వంగి, చుట్టూ ఉన్న లోహపు గోడకు ఆనుకుని ఉన్నాయి. పెన్‌డ్రైవ్‌ను ఎవరో తలకిందులుగా బలంగా తోసి ఉంటారు. ఆ కేబుల్‌ను అలాగే పీకి ఉంచి, వెనుకవైపు పోర్టులు వాడుకోమని చెప్పాను. అప్పటి నుంచి ఇటువంటి లక్షణం ఎక్కడ కనిపించినా స్క్రూడ్రైవర్ కంటే ముందు టార్చి తీసుకుని అన్ని పోర్టులలోకీ తొంగి చూడడం నా అలవాటు.

కొత్తగా బిగించిన కంప్యూటర్‌లో, లేదా ఈమధ్యనే విప్పి బిగించినదానిలో ఇదే లక్షణం కనిపిస్తే మదర్‌బోర్డు కింద చూడాలి. బోర్డును క్యాబినెట్ రేకుకు ఆనకుండా ఎత్తి పట్టుకునే చిన్న ఇత్తడి స్టాండాఫ్‌లలో ఒకటి బోర్డుకు రంధ్రం లేని చోట మిగిలిపోయినా, ఒక స్క్రూ జారి కిందికి దూరినా షార్ట్ తప్పదు. అన్నీ తీసినా ఆ అదురు పోకపోతే బోర్డును పూర్తిగా బయటకు తీసి, అట్టపెట్టె మీద పెట్టి, ప్రాసెసర్, దాని ఫ్యాను మాత్రమే ఉంచి ప్రయత్నించాలి. ఆ స్థితిలో చిన్న స్పీకర్ ఒకటి తగిలించి ఉంటే, ర్యామ్ లేదని ఫిర్యాదు చేస్తూ చాలా బోర్డులు బీప్ శబ్దం చేస్తాయి. ఆ శబ్దం వినిపించిందంటే ప్రాసెసర్, బోర్డు రెండూ ప్రాణాలతో ఉన్నట్టే. ప్రాసెసర్ పక్కన ఉండే 4 లేదా 8 పిన్నుల 12 వోల్టుల కనెక్టర్‌ను పెట్టడం మరచిపోవడం కూడా విప్పి బిగించిన కంప్యూటర్లలో సర్వసాధారణం.

కొన్నాళ్లుగా బటన్‌ను పలుమార్లు నొక్కితే గాని లేవని కంప్యూటర్, లేదా ప్లగ్గు పెట్టాక కొంతసేపు ఆగితే గాని లేవని కంప్యూటర్, ఒకనాడు పూర్తిగా మూగబోతే అనుమానం ముందుగా కెపాసిటర్ల మీదికి పోవాలి. వాటిలోని ద్రవం వేడికి క్రమంగా ఎండిపోతుంది. స్టాండ్‌బై విభాగం రాత్రింబవళ్లూ పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి దానిలోని కెపాసిటర్లు తరచుగా ముందే అలసిపోతాయి. మదర్‌బోర్డు మీద ఉన్నవైతే కంటితోనే పట్టవచ్చు. బాగున్నదాని తల చదునుగా ఉంటుంది, చెడినదాని తల ఉబ్బి, ఒక్కోసారి గోధుమ రంగు జిగురు కారి ఉంటుంది. 2000 దశకం తొలి సంవత్సరాల నాటి బోర్డులలో ఈ జబ్బు విపరీతంగా కనిపించేది. ఇటువంటి ముందస్తు సూచన కనిపించిన రోజే ముఖ్యమైన ఫైళ్లను మరొకచోటికి కాపీ చేసుకోవాలి, లేవని కంప్యూటర్‌లోని డిస్కు నుంచి వాటిని తీయడం సాధ్యమే అయినా అది అదనపు శ్రమ.

ఎస్‌ఎంపీఎస్‌నే మార్చవలసి వస్తే ఒక్క జాగ్రత్త ఎంతో అవసరం. వైర్లను ఊడదీసి పెట్టుకోగల మాడ్యులర్ రకం వాడుతున్నవారు, పాతదాని కేబుళ్లను క్యాబినెట్‌లోనే ఉంచి కొత్త పెట్టెకు తగిలించాలని చూస్తారు. మదర్‌బోర్డు వైపు కనెక్టర్‌కు ప్రమాణం ఉన్నది గాని, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరుసకు ఉమ్మడి ప్రమాణం లేదు, ఒక్కో కంపెనీది ఒక్కో తీరు, ఒకే కంపెనీవైనా వేర్వేరు మోడళ్లలో తేడా ఉండవచ్చు. కనెక్టర్ చక్కగా అమరిపోతుంది, కాని 5 వోల్టులు వెళ్లవలసిన చోటికి 12 వోల్టులు వెళ్లి డిస్కులు కాలిపోతాయి. కొత్త పెట్టెతో వచ్చిన కేబుళ్లనే వాడాలి, పాతవాటిని పూర్తిగా తీసేయాలి.

పెట్టె తెరిచి ఉండగానే మదర్‌బోర్డు మీద ఉండే గుండ్రని సీఆర్2032 బ్యాటరీని కూడా మీటరుతో చూడడం మంచిది. కొత్తది 3 వోల్టులకు కొంచెం పైన చూపుతుంది, 2.7 కంటే తక్కువ చూపితే మార్చేయాలి. ప్లగ్గు తీసి ఎక్కువసేపు ఉంచిన కంప్యూటర్‌లో బలహీనమైన బ్యాటరీ వల్ల తేదీ వెనక్కు పోతుంది, సెట్టింగులు చెరిగిపోతాయి, కొన్ని బోర్డులు లేవడానికే మొరాయిస్తాయి. బాగుచేశాక వెబ్‌సైట్లన్నీ ఒక్కసారిగా భద్రతా హెచ్చరికలు చూపిస్తుంటే కంగారు పడకుండా, తెర మూలన ఉన్న తేదీ, సమయం సరిగా ఉన్నాయో లేదో ముందు చూసి సరిచేయండి.